బొద్దింక నాడీసంధిలో ఒక కణాన్ని గుర్తుపట్టడం

విజయవాడలోనో గుంటూరులోనో ఇంటర్మీడియట్ బైపీసీ చదివినవారికి బొద్దింక నాడీ వ్యవస్థ బొమ్మ కొత్త కాదు. రికార్డు పుస్తకంలో పెన్సిలుతో గీసే ఆ బొమ్మలో తలలో రెండు నాడీసంధులు (నాడీకణాలు గుంపుగా చేరిన ముడులు), వక్షంలో మూడు, ఉదరంలో ఆరు ఉంటాయి. వాటిని కలుపుతూ జంట దారంలా ఉదర నాడీదండం సాగుతుంది. పరీక్షలో మార్కులకు అంతవరకు చాలు. కానీ గుండ్రంగా గీసిన ఆ ఒక్కొక్క సంధిలో వందలు, వేల సంఖ్యలో నాడీకణాలు ఉంటాయని, వాటిలో ఏది కాలిని కదుపుతుందో, ఏది గాలి తాకిడిని పసిగడుతుందో ఆ బొమ్మను బట్టి తెలియదని చాలామందికి తట్టదు. తట్టకపోవడంలో వింత లేదు. అప్పుడే కోసి తీసిన సంధిని సూక్ష్మదర్శిని కింద పెట్టినా కనిపించేది ఆవగింజంత పాలనురుగు ముద్ద, దాని చుట్టూ వెండి తీగల్లా మెరిసే గాలి గొట్టాలు మాత్రమే. నాడీకణం పారదర్శకం, పక్కనున్న కణమూ పారదర్శకమే. రంగు వేయనిదే ఒకదాని నుంచి మరొకదాన్ని విడదీసి చూడలేము.

అలాగని అన్ని కణాలకూ రంగు వేస్తే మళ్లీ మొదటికే వస్తుంది. కొమ్మలు కొమ్మల్లో అల్లుకుపోయిన ఆ దట్టంలో ప్రతి పోగూ నల్లబడితే మిగిలేది ఒక నల్లని మచ్చ. అందుకే కీటకాల నాడీకణాల అభిరంజన చరిత్రంతా కొన్నిటికి మాత్రమే రంగు ఎక్కించి తక్కినవాటిని ఖాళీగా వదిలే ఉపాయాల చరిత్ర. ఏ కొన్నిటికి ఎక్కాలో ఎవరు నిర్ణయిస్తారన్నది ఒక పద్ధతికీ మరో పద్ధతికీ ఉన్న అసలు తేడా. కొన్ని పద్ధతుల్లో ఆ నిర్ణయం యాదృచ్ఛికం. కొన్నిటిలో పరిశోధకుడి కత్తెర నిర్ణయిస్తుంది, కొన్నిటిలో కణంలోని రసాయనం, ఇటీవలి పద్ధతుల్లో జన్యువు. ఈ నాలుగూ అడిగే ప్రశ్నలు వేరు కాబట్టి ఇచ్చే జవాబులూ వేరు. ఒకదాని జవాబును మరొకదాని జవాబుగా చదువుకోవడమే ఈ రంగంలో తరచుగా జరిగే పొరపాటు.

కీటకాల నాడీసంధి నిర్మాణాన్ని ముందుగా కొంచెం దగ్గరగా చూడాలి. మనిషి వెన్నుపాములోని నాడీకణానికి కణదేహం చుట్టూ అన్ని వైపులా కొమ్మలుంటాయి. కీటకాల్లో అలా కాదు. కణదేహాలన్నీ సంధి బయటి అంచున తొక్కలా పేరుకుని ఉంటాయి. ఒక్కొక్క కణదేహం నుంచి ఒకే ఒక తంతువు లోపలికి వెళ్లి, అక్కడ చీలి, కొమ్మలు వేసి, ఇతర కణాల కొమ్మలతో సంబంధాలు పెట్టుకుంటుంది. లోపలి ఆ అల్లికను న్యూరోపిల్ అంటారు. విజయవాడ భవానీపురంలోనో పటమటలోనో కాపురముండి వన్‌టౌన్ బజారులో వ్యాపారం చేసే వర్తకులతో వీటిని పోల్చవచ్చు. ఇల్లు ఎక్కడుందో తెలిసినంత మాత్రాన ఆ మనిషి ఏ సరుకు అమ్ముతాడో, ఎవరితో బేరం చేస్తాడో తెలియదు. ఇల్లు, దారి, దుకాణం మూడూ ఒకే చూపులో దొరికితేనే మనిషి దొరికినట్టు. కీటక నాడీకణం విషయంలో కణదేహం, తంతువు పోయే దారి, న్యూరోపిల్‌లో కొమ్మల తీరు మూడూ కలిసి కనిపించాలి.

మొదటిసారి అలా చూపించినది గాల్జీ పద్ధతి. ఇటలీకి చెందిన కమిల్లో గాల్జీ 1873లో పొటాషియం డైక్రోమేటులో నానబెట్టిన కణజాలాన్ని సిల్వర్ నైట్రేటులో ముంచి, కొన్ని కణాలు మాత్రం కొనకొమ్మ వరకూ నల్లగా నిండిపోవడం గమనించాడు. నూటికి ఒకటో అయిదో కణాలు నిండుతాయి, తక్కినవి అసలు తాకబడవు. ఎందుకు ఆ కణాలే నిండుతాయన్నదానికి నేటికీ తృప్తికరమైన వివరణ లేదు. ఈ పద్ధతితో అమెరికాలో ఫ్రెడరిక్ కెన్యన్ 1896లో తేనెటీగ మెదడును పరిశీలించి పుట్టగొడుగు ఆకారపు భాగాల్లోని కణాలను వర్ణించాడు. ఆ కణాలకు నేటికీ అతని పేరే ఉంది. స్పెయిన్‌కు చెందిన కహాల్, డొమింగో సాంచెజ్ కలిసి 1915లో ప్రచురించిన కీటకాల దృష్టి కేంద్రాల చిత్రాలను ఇప్పటి పరిశోధకులు కూడా తెరిచి చూసుకుంటారు. గాల్జీ, కహాల్ 1906 నోబెల్ బహుమతిని పంచుకున్నారు. నాడీకణాలు విడివిడిగా ఉంటాయా, ఒకే వలగా కలిసిపోయి ఉంటాయా అన్నదానిపై ఇద్దరికీ చివరివరకూ పడలేదు. ఇద్దరి చేతిలోనూ ఉన్నది అదే రంగు కావడం ఇక్కడ గమనించదగ్గ విషయం.

గాల్జీ పద్ధతి ఎన్ని రకాల ఆకారాలున్నాయో చెబుతుంది. ఫలానా కణాన్ని చూపించమంటే చూపించదు. ఈ రోజు నిండిన కణం రేపు మరో బొద్దింకలో నిండుతుందన్న హామీ లేదు. పైగా కణజాలం అప్పటికే చచ్చి ఉంటుంది కాబట్టి ఆ కణం ఏం చేసేదో అడగడానికి వీలుండదు. 1886లో పాల్ ఎర్లిష్ ప్రవేశపెట్టిన మిథిలిన్ బ్లూ ప్రాణమున్న కణజాలంలోనే నాడులకు నీలిరంగు ఎక్కిస్తుంది. రష్యాలో జవార్జిన్ దీనితో తూనీగ లార్వాల నాడీ వ్యవస్థను చిత్రించాడు. రంగు తొందరగా వెలిసిపోవడం దాని బలహీనత. చర్మం కింది జ్ఞాననాడుల కోసం దాన్ని చాలాకాలం వాడారు.

ఇంత కష్టపడి ఒక్క కణాన్ని గుర్తుపట్టాలన్న ఆశ కీటకాల విషయంలో ఎందుకు పుట్టిందో చెప్పడానికి మిడత వెనుక కాలు ఒక్కటి చాలు. గెంతేటప్పుడు ఆ కాలిని చాచే కండరానికి వచ్చే నాడీకణాలు కేవలం నాలుగు. ఒకటి వేగంగా తన్నిస్తుంది, ఒకటి నెమ్మదిగా చాపిస్తుంది, ఒకటి అణచివేస్తుంది, నాలుగోది కండరం స్పందనను సవరిస్తుంది. మనిషి తొడ కండరానికి ఇదే పని చేయడానికి వందల కణాలు కావాలి, వాటిలో ఒక్కొక్కదానికి పేరు పెట్టడం అర్థంలేని పని. మిడతలో మాత్రం ఆ నాలుగూ ఏ మిడతను కోసినా అదే సంధిలో, దాదాపు అదే చోట, అదే ఆకారంలో ఉంటాయి. కాబట్టి వాటికి పేర్లు పెట్టవచ్చు, వేరే దేశంలో వేరే ప్రయోగశాల అదే పేరుతో అదే కణాన్ని మళ్లీ పట్టుకోవచ్చు. గుర్తించిన నాడీకణం అన్న మాటకు ఈ రంగంలో అర్థం ఇదే. ఒక్కసారి చూసినదాన్ని ఆ మాటతో పిలవరు. మరో జంతువులో మళ్లీ చూడగలిగినదాన్నే అలా పిలుస్తారు.

1960లలో కోహెన్, జాక్లెట్ అనే పరిశోధకులు బొద్దింకలో ఒక చమత్కారమైన దారి పట్టారు. కాలికి పోయే నాడిని తెంపితే, తెగిన తంతువుకు చెందిన కణదేహంలో కేంద్రకం చుట్టూ ఆర్ఎన్ఏ ఉంగరంలా చిక్కబడుతుంది. ఆ ఉంగరానికి రంగు వేసి, ఏ నాడికి ఏ కణదేహాలు చెందుతాయో పటం గీశారు. గాయమే గుర్తుగా పనికొచ్చింది. కానీ కొమ్మలు కనిపించవు కాబట్టి ఇల్లు దొరికినా దుకాణం దొరకలేదు. 1968లో ప్రోసియన్ యెల్లో అనే బట్టల అద్దకపు రంగును సన్నని గాజు సూదితో నేరుగా కణంలోకి ఎక్కించడం మొదలైంది. ముందు ఆ సూదితోనే కణం విద్యుత్ సంకేతాలను నమోదు చేసి, తర్వాత అదే సూది నుంచి రంగు వదిలితే, ఇప్పుడే మాట్లాడిన కణం ఏదో ఆకారంతో సహా తెలుస్తుంది.

1972లో పిట్‌మన్, ట్వీడిల్, కోహెన్ బొద్దింక నాడీకణాల్లోకి కోబాల్టు ఎక్కించిన పద్ధతిని ప్రకటించారు. సూది అవసరం లేకుండా, తెగిన నాడి కొస నుంచి కోబాల్టు తనంతట తానే కణంలోకి పాకేలా చేయవచ్చని త్వరలోనే స్థిరపడింది. ఖరీదైన పరికరం లేకుండా, మామూలు సూక్ష్మదర్శినితో, జిల్లా స్థాయి కళాశాల ప్రయోగశాలలో కూడా అంతర్జాతీయ పత్రికకు తగిన చిత్రం రాబట్టగలిగినది ఈ ఒక్క పద్ధతే అనిపిస్తుంది. అందువల్ల దాన్ని కాస్త వివరంగా చూడటం సబబు.

బొద్దింకను మంచులో ఉంచి చల్లబరుస్తారు. వీపు వైపు కోసి, పేగును, తెల్లని కొవ్వు పొరలను తొలగించి, నాడీదండంలో కావలసిన సంధిని దాని నాడితో సహా కత్తిరించి లవణ ద్రావణంలోకి తెస్తారు. గాజు పలక మీద వాజ్‌లీన్‌తో చిన్న గట్టు కడతారు. సంధి గట్టుకు ఒక పక్క లవణ ద్రావణంలో ఉంటుంది, నాడి గట్టు దాటి రెండో పక్కకు వస్తుంది. ఆ కొసను మళ్లీ ఒకసారి కొత్తగా కత్తిరించి, క్షణకాలం స్వేదనజలంలో ఉంచితే తంతువుల నోళ్లు తెరుచుకుంటాయి. అప్పుడు నీటిని తీసేసి గులాబీ రంగు కోబాల్టు క్లోరైడు చుక్కను పోసి, నాడి ఆరిపోకుండా పైన కూడా వాజ్‌లీన్ కప్పుతారు. గట్టులో వెంట్రుకంత సందు ఉన్నా కోబాల్టు సంధి మీదికి కారిపోతుంది, తెల్లవారి చూస్తే సంధి మొత్తం నల్లగా ఉంటుంది. ఆ అమరికను నాలుగు డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచాలి. మే నెల బెజవాడలో దాన్ని బల్ల మీద వదిలేస్తే రంగు పాకే లోపే కణజాలం కుళ్లుతుంది, ఫ్రిజ్ ఉన్నా కరెంటు పోతే ఆ రోజు పని పోయినట్టే.

మర్నాడు లవణ ద్రావణంలో కొన్ని చుక్కల అమ్మోనియం సల్ఫైడు కలుపుతారు. గది నిండా కుళ్లిన కోడిగుడ్ల వాసన వేస్తుంది. కోబాల్టు చేరిన ప్రతి తంతువులో నల్లని కోబాల్టు సల్ఫైడు అవక్షేపిస్తుంది, కొన్ని నిమిషాల్లో పాలరంగు సంధిలో సన్నని నల్లని చెట్టు మొలుస్తున్నట్టు కనిపిస్తుంది. తర్వాత స్థిరీకరించి, గాఢత పెంచుతూ పోయే ఆల్కహాలు మెట్లలో నీటిని తీసేసి, మిథైల్ శాలిసిలేటులో వేస్తారు. నొప్పులకు రాసుకునే బామ్ వాసన వచ్చే ఆ నూనె వక్రీభవన గుణకం కణజాలానికి దగ్గరగా ఉండటం వల్ల సంధి గాజులా తేటపడి, లోపలి నల్లని కణాలు ముక్కలు కోయకుండానే మొత్తంగా కనిపిస్తాయి. సన్నని కొమ్మలు ఇంకా మసకగా ఉంటే వెండితో గాఢపరుస్తారు. సిల్వర్ నైట్రేటు, హైడ్రోక్వినోన్, తుమ్మబంక కలిపిన వెచ్చని ద్రావణంలో చీకట్లో ఉంచితే కోబాల్టు రేణువుల మీద వెండి పేరుకుంటుంది. ఎప్పుడు ఆపాలన్నది కంటికి అలవాటు కావలసిన విషయం. రెండు నిమిషాలు ఆలస్యమైతే నేపథ్యమూ గోధుమ రంగుకు తిరిగి, అంతకుముందు కనిపించినది కూడా మాయమవుతుంది.

ఇలా దొరికిన చిత్రం చెప్పేది ఒక్కటే: ఆ నాడిలో తంతువు ఉన్న కణాల్లో ఇవి నిండాయి. నిండనివి లేవని అది చెప్పదు. లావు తంతువులు ముందు నిండుతాయి, సన్నవి వెనకబడతాయి. సమయం చాలకపోతే చిన్న కణాలు ఎప్పటికీ లెక్కలోకి రావు. ఇందుకు విరుద్ధమైన ప్రమాదం కూడా ఉంది. కొన్ని కణాల మధ్య నేరుగా విద్యుత్ సంధానాలు ఉంటాయి, వాటి గుండా రంగు పక్క కణంలోకి జారిపోవచ్చు. 1978లో వచ్చిన లూసిఫర్ యెల్లో అనే మెరిసే రంగు ఈ జారుడును మరింత స్పష్టంగా చూపించింది. అలా జారినప్పుడు ఒక నాడికి చెందని కణం ఆ నాడిదిగా నమోదవుతుంది. ఒకే బొద్దింకలో కనిపించిన నల్లని కణానికి పేరు పెట్టేవారిని అందుకే అనుమానంగా చూడాలి. అదే నాడిని పది జంతువుల్లో నింపినప్పుడు అదే కణం అదే చోట మళ్లీ మళ్లీ వస్తే, అప్పుడు మాట్లాడవచ్చు.

బొద్దింక చివరి ఉదర సంధిలోని రాక్షస నాడీకణాల గుర్తింపు ఇందుకు మంచి నమూనా. చెప్పు ఎత్తేసరికి బొద్దింక పారిపోవడం ప్రతి వంటింటికీ తెలుసు. తోక చివరనున్న జంట సెర్సైల మీది సన్నని రోమాలు గాలి కదలికను పట్టి ఆ సంధికి చేరవేస్తాయి, అక్కడి నుంచి లావైన తంతువులు ఆ కబురును కాళ్ల సంధులకు మోస్తాయి. గాలి తగిలిన దాదాపు సెకనులో ఇరవయ్యో వంతుకు పరుగు మొదలవుతుంది. ఈ లావు తంతువులను 1940లలోనే కెన్నెత్ రోడర్ విద్యుత్ సంకేతాలతో అధ్యయనం చేశాడు, అయితే ఏ తంతువుకు ఏ కణదేహమో తెలియలేదు. 1971లో ప్రోసియన్ యెల్లో ఎక్కించి చూసినప్పుడు కణదేహం తంతువుకు ఎదుటి పక్కన ఉందని తేలింది. తర్వాత కోబాల్టుతో ఏడు జతల రాక్షస కణాలను ఆకారాన్ని బట్టి విడదీసి ఒకటి నుంచి ఏడు వరకు సంఖ్యలు ఇచ్చారు. నాడీదండాన్ని అడ్డంగా కోస్తే ఒక్కొక్క తంతువు ఎక్కడ ఉంటుందన్నది, కణదేహం ఏ పక్కన ఉందన్నది, కొమ్మలు ఎలా చీలాయన్నది, ఏ దిక్కు గాలికి ఎక్కువగా స్పందిస్తుందన్నది నాలుగూ పొసిగిన తర్వాతే ఆ సంఖ్య స్థిరపడింది. రంగు ఆ నాలుగింటిలో కొన్నిటికి మాత్రమే సాక్షి.

కణం ఆకారం దొరికాక అది ఏ రసాయనంతో మాట్లాడుతుందన్న ప్రశ్న మిగులుతుంది. సంధి పైభాగంలో మధ్య గీత మీద జత లేకుండా ఉండే కొన్ని కణాలున్నాయి. వాటి తంతువు రెండుగా చీలి ఎడమకూ కుడికీ వెళుతుంది. న్యూట్రల్ రెడ్ అనే చవకైన రంగు ప్రాణమున్న సంధిలో వీటిని ఎర్రగా చూపిస్తుంది. మిడత కాలి కండరానికి వచ్చే నాలుగో కణం ఇలాంటిదే, దానిలో ఉన్నది ఆక్టోపమిన్ అని 1977లో తేలింది. ఇతర కణాల కోసం ప్రతిదేహాలను వాడతారు. ఒక రసాయనానికి అతుక్కునే ప్రతిదేహానికి మెరిసే రంగు తగిలించి సంధి మీద వదిలితే, ఆ రసాయనం ఉన్నచోటల్లా వెలుగుతుంది. అయితే ప్రతిదేహం పోలిక ఉన్న మరో పదార్థానికి కూడా అతుక్కోవచ్చు. జాగ్రత్తగల పరిశోధకులు ప్రొక్టోలిన్ అనే నాడీ రసాయనం ఉందని రాయరు, ప్రొక్టోలిన్ వంటి ప్రతిస్పందన కనిపించిందని రాస్తారు. పాఠ్యపుస్తకానికి ఎక్కేసరికి ఆ ‘వంటి’ ఊడిపోవడం మామూలే.

గుంటూరు జిల్లా మిరప, పత్తి రైతుకు ఈ రసాయనాల్లో కొన్ని పరోక్షంగా పరిచయమే. పురుగుమందుల్లో ఇమిడాక్లోప్రిడ్ కీటక నాడీకణాల మీద ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని అందుకునే గ్రాహకాల మీద, ఫిప్రోనిల్ గాబా అనే మరో రసాయనపు గ్రాహకాల మీద, సింథటిక్ పైరెత్రాయిడ్లు సోడియం ద్వారాల మీద పనిచేస్తాయి. అలాగని ఒక కణానికి పేరు పెట్టినంత మాత్రాన మిరపలో తామర పురుగుకు కొత్త మందు దొరుకుతుందని చెప్పడం అతిశయోక్తే. మిల్లీమీటరు పొడవున్న ఆ పురుగు నాడిని వాజ్‌లీన్ గట్టు దాటించడం కూడా సాధ్యం కాదు. శనగపచ్చ పురుగు విషయం వేరు. పొలంలో కట్టే లింగాకర్షక బుట్టల్లో మగ రెక్కల పురుగులు మాత్రమే పడతాయి, ఎందుకంటే బుట్టలోని ఎర ఆడ పురుగు వాసనకు నకలు. ఆ మగ పురుగు మీసపు నాడిని రంగుతో నింపి మెదడును చూస్తే, వాసనలు చేరే గుండ్రని గుచ్ఛాల్లో ఆ నాడి ప్రవేశించే చోట పెద్దవిగా ఉబ్బిన ఒక గుంపు కనిపిస్తుంది. ఆడ పురుగులో ఆ రూపం ఉండదు. బొద్దింక మగదానిలో కూడా ఇలాంటిదే ఉంది. రైతు బుట్టలో చూసే ఆడ, మగ తేడా మెదడులో కంటికి ఆనే నిర్మాణంగా దొరకడం రంగు ఎక్కించే పద్ధతులు ఇచ్చిన చక్కని ఫలితాల్లో ఒకటి.

ఇక జన్యువుల సంగతి. ఈస్టు నుంచి తెచ్చిన గాల్4 ప్రోటీన్‌ను పండ్ల ఈగలో ఎంపిక చేసిన కణాల్లో మాత్రమే పలికించి, దాని ఆజ్ఞతో మరో జన్యువును నడిపే ఏర్పాటును ఆండ్రియా బ్రాండ్, నార్బర్ట్ పెర్రిమన్ 1993లో ప్రకటించారు. జెల్లీ చేప నుంచి వచ్చిన పచ్చని ప్రోటీన్‌ను దీనికి జోడిస్తే, కోరిన కణాల గుంపు బతికున్న ఈగలోనే వెలుగుతుంది. ఆ ఈగల సంతతిని సీసాల్లో పెంచితే అవే కణాలు ప్రతి తరంలోనూ వెలుగుతాయి. పండ్ల ఈగ ఘ్రాణంపై ముంబయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్‌లో ఒబైద్ సిద్దీఖీ, వెరోనికా రోడ్రిగ్స్ చేసిన పని వల్ల భారతదేశం ఈ దారిలో తొలి నుంచే ఉంది. మరో పక్క, ఏ కణాన్నీ ఎంచుకోకుండా అన్ని కణాల పొరలకూ భారలోహాలు ఎక్కించి, మెదడును పలచటి పొరలుగా కోసి ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో ఫోటోలు తీసి కంప్యూటరుతో తిరిగి కుట్టే పని సాగింది. 2024 అక్టోబరులో ఒక ఆడ పండ్ల ఈగ మెదడులోని 1,39,255 నాడీకణాల పటం పూర్తిగా వెలువడింది. అన్నిటికీ రంగు వేస్తే ఏదీ కనిపించదన్న పాత చిక్కు అలా తీరింది.

కానీ ఆ పటంలో కణం దేనికి స్పందిస్తుందో ఉండదు. అది వదిలే రసాయనాన్ని ఫోటోల నుంచి ఊహించే కంప్యూటర్ నమూనాకు కూడా, ప్రతిదేహాలు మొదలైన పద్ధతులతో ముందే తేల్చిన కణాలను చూపించి నేర్పవలసి వచ్చింది. పైగా అది పండ్ల ఈగ పటం. బొద్దింకకు, మిడతకు, శనగపచ్చ పురుగుకు అంత సంపూర్ణమైనది లేదు కాబట్టి వాటికి కత్తెర, వాజ్‌లీన్, కోబాల్టు ఇంకా పని చేస్తూనే ఉన్నాయి. నికెల్‌ను కూడా జతచేస్తే ఒకే సంధిలో రెండు నాడులను విడిగా చూడవచ్చు: ఎడమ సెర్కస్ (జంట సెర్సైలలో ఒకటి) నాడిని కోబాల్టుతో, కుడిదాన్ని నికెల్‌తో నింపి రూబియానిక్ ఆమ్లంతో అవక్షేపింపజేస్తే, మొదటిది పసుపు, నారింజ ఛాయల్లోనూ రెండోది నీలంగానూ తేలి, రెండూ ఎక్కడ కలుసుకుంటాయో కనిపిస్తుంది. మెరిసే రంగులు వెలుతురుకు వెలిసిపోతాయి, కోబాల్టు సల్ఫైడు మాత్రం గాజు పలక మీద బాల్సం అనే పారదర్శక బంకలో ఏళ్ల తరబడి నల్లగానే నిలుస్తుంది. ఆ పలక మీద జాతి, ఆడో మగో, ఏ నాడి, ఎన్ని గంటలు నింపారు, ఎంత ఉష్ణోగ్రత, వెండి వాడారా లేదా అన్నవి రాసి ఉంటే ముప్పై ఏళ్ల తర్వాత మరొకరు దాన్ని తీసి తన కణంతో పోల్చుకోగలరు. ప్రయోగశాలల అలమరాల్లో తేదీ మాత్రమే రాసి ఉన్న పలకలు చాలా ఉంటాయి. వాటిలోని కణాలు ఎంత చక్కగా నిండినా, అవి ఏ నాడివో చెప్పడం ఇప్పుడు ఎవరికీ సాధ్యం కాదు.